ఎడమకాల్లో లివరు

"నాన్నా, ఏంటిది?"

"కిడ్నీ" అన్నాడు దయానందం మాస్టారు, కళ్లు తెరవకుండానే.

బందరు బస్సు దిగి, ట్రంకుపెట్టె ఇంకా చేతిలో ఉండగానే సువర్ణ చూసిన దృశ్యం అది. పామర్రు సెంటర్లో, పెద్దిరాజు కాఫీ హోటలు పక్కన, రేకుల పందిరి కింద, ఊళ్లో సగంమందికి ఓనమాలు దిద్దించిన హెడ్మాస్టరు బల్ల మీద వెనక్కి వాలి ఉన్నాడు. ఆయన కాలు ఎవరో కుర్రాడి ఒళ్లో ఉంది. ఆ కుర్రాడు తలకి నూనె, చొక్కాకి ఇస్త్రీ దండిగా పెట్టి, రెండు బొటనవేళ్లతో ఆ అరికాలిని పూరీపిండిలా అదుముతున్నాడు. గుడివాడ బస్సు కోసం నిలబడ్డ జనం బస్సు సంగతి మరిచిపోయి, కచేరీ వింటున్నట్టు తలలు ఊపుతున్నారు.

"కిడ్నీ నడుం దగ్గర కదా ఉండేది?" అంది సువర్ణ. ఆమె బందరు ఆస్పత్రిలో నర్సు ట్రైనింగు రెండో ఏడు చదువుతోంది.

కుర్రాడు తలెత్తాడు. ఎత్తినవాడు మళ్లీ దించడం మరిచిపోయాడు. వేళ్లు మాత్రం పాత అలవాటుకొద్దీ కిడ్నీ దాటి పేగుల్లోకి వెళ్లిపోయాయి.

"కిడ్నీ ఇల్లు నడుం దగ్గరేనండీ. దాని మీట మాత్రం అరికాల్లో ఉంటుంది" అన్నాడు తేరుకుని.

పందిరి గుంజకి బోర్డు వేలాడుతోంది. 'పాద విజ్ఞాన కేంద్రం. ప్రొఫెసర్ అబ్బులు. అమెరికా పద్ధతి. మీ పాదం చూపండి, మీ జబ్బు మేమే చెబుతాం.' దాని పక్కన, హోటలు గోడ మీద, రెండు అరికాళ్ల బొమ్మ. జిల్లాల పటంలా రంగురంగుల ముక్కలు. బొటనవేలు తల. వేళ్ల కింద ఊపిరితిత్తులు. అరికాలి ఒంపులో పొట్ట. మడమ దగ్గర పేగులు. మనిషిని బాగా తొక్కి కుదిస్తే అరికాల్లో ఇమిడిపోతాడన్నమాట.

"ప్రొఫెసరుగారూ, బోడిగుండుకీ మోకాలికీ ముడేసేవాళ్లని చూశాను. అరికాలికీ కిడ్నీకీ ముడేసేవాళ్లని ఇదే చూడటం."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అబ్బులు నొచ్చుకోలేదు. ఈ ప్రశ్నకి అతని దగ్గర జవాబు ఎప్పుడూ ఇస్త్రీ చేసి ఉంటుంది.

"మాది నాగాయలంకండీ. బెజవాడ ఆనకట్ట దగ్గర తలుపు దించారంటే ఎవరికి ముందు తెలుస్తుంది? మా శివారు చేనుకి. నీళ్లు రాకపోతే చేనే చెప్తుంది, పైన ఎక్కడో అడ్డం పడిందని. ఒంట్లో పాదమే శివారు. పైన లివరు మొండికేసినా, పొట్ట అలిగినా, పాదంలో తెలుస్తుంది."

"ఆహా!" అన్నారు గుడివాడ ప్రయాణికులు.

"బాగుంది. మరి మీ శివారు చేను పిసికితే బెజవాడలో ఆనకట్ట తలుపు లేస్తుందా?"

జనం నోళ్లు మూతపడ్డాయి. అబ్బులు నోరు మాత్రం తెరుచుకునే ఉంది. అంతలో గుడివాడ బస్సు వచ్చి అతని పరువు కాపాడింది.

"మా అమ్మాయిలే" అన్నాడు మాస్టారు చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ. "రెండో ఏడులో ఉంది. మూడో ఏడుకి తగ్గుతుంది."

సువర్ణకి నవ్వు రాలేదు. ఆమె సెలవు పెట్టుకుని వచ్చింది ఊరికే కాదు. నాన్నకి కడుపునొప్పి వస్తోంది, పోతోంది, మళ్లీ వస్తోందని అమ్మ కబురు పెట్టింది. కుడివైపు, బొడ్డు కింద. ఆ మాట వినగానే ఆమె పెట్టె సర్దుకుంది. వార్డులో అలాంటి నొప్పులు చూసింది. ఇవాళ వస్తూ పోతూ ఉన్న నొప్పి ఏదో ఒకరోజు పోకుండా ఉండిపోతుంది. ఆయన్ని బందరు తీసుకెళ్లి డాక్టరమ్మకి చూపించాలి. తీరా వచ్చి చూస్తే, ఆయన కడుపు చూపించాల్సిన చోట కాలు చూపిస్తున్నాడు.

---

"నీకు తెలీదమ్మాయ్, ఆ కుర్రాడి చేతిలో మహత్యం ఉంది" అంది తల్లి ప్రభావతమ్మ, అన్నం వడ్డిస్తూ. "నా ఆయాసం ఎంత తగ్గిందనుకున్నావు?"

"నువ్వూ వెళ్లావా?"

"చీ, నేనెందుకెళ్తాను! పరాయి మగాడు ఆడదాని పాదం పట్టుకోవడమేంటి? పెళ్లిలో మెట్టెలు తొడిగినప్పుడు మీ నాన్న పట్టుకున్నాడు, అంతే."

"మరి ఆయాసం ఎలా తగ్గింది?"

"నా బదులు మీ నాన్న పాదంలో నొక్కాడుగా!"

సువర్ణ చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఊళ్లో అందరూ అంతేనే" అంది ప్రభావతమ్మ, ఇందులో ఆశ్చర్యపోవడానికేముందో అర్థం కాక. "పెళ్లాం జబ్బు మొగుడి కాల్లో నొక్కించుకొస్తారు. పెళ్లికానివాళ్లకి అన్నదమ్ముల కాళ్లు. వయసుడిగిన ముసలమ్మలైతే పట్టింపు లేదు, సొంత కాలే చాపుతారు. మొగుడూ పెళ్లాం ఏకశరీరమని బైబిల్లోనే ఉందిగా. ఆ మాట మీ నాన్నే చెప్పాడు అబ్బులుకి."

"ఏకశరీరమైతే నాన్న కడుపునొప్పికి నీకు మందు పోయొచ్చుగా?"

"వెటకారం మాని మజ్జిగ పోసుకో."

మాస్టారు చేతులు కడుక్కుని, కుడివైపు పొట్ట మీద అరచేయి ఆనించుకుని, మంచం మీదకి మెల్లగా ఒరిగాడు. ఆ ఒరగడం సువర్ణ చూసింది.

"నాన్నా, రేపు బందరు వెళ్దాం. ఒక్కసారి డాక్టరమ్మ చెయ్యి వేసి చూస్తుంది."

"చెయ్యి వేస్తారు. తర్వాత కత్తి వేస్తారు. మా అన్నయ్య ఆపరేషన్ బల్ల ఎక్కాడు, దిగలేదు. పాదంలో తగ్గేదానికి పొట్ట కోయించుకోమంటావా?"

అంతటితో ఆ చర్చ అయిపోయింది. ఆయన బళ్లో లెక్క తప్పు చేసిన పిల్లవాడితోనైనా ఇంకాసేపు మాట్లాడేవాడు.

---

మర్నాడు మధ్యాహ్నం సువర్ణ శరీరశాస్త్రం పుస్తకం చంకలో పెట్టుకుని రేకుల పందిరికి బయల్దేరింది. కోర్టుకెళ్లే ప్లీడరు ఫైలు పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆకాశం మబ్బేసి ఉంది. పందిట్లో బేరం లేదు. అబ్బులు దువ్వెన జేబులో దాచేశాడు.

"రండి, కూర్చోండి. మీకేమన్నా ఒంట్లో..."

"నా ఒళ్లు నిక్షేపంగా ఉంది. నాకు అన్నదమ్ములు లేరు కూడా. ఈ బొమ్మ ఎక్కడిది?"

"అమెరికాదండీ."

"మీరు అమెరికా వెళ్లారా?"

"మద్రాసు వెళ్లానండీ. మూర్ మార్కెట్లో పాత పుస్తకాలమ్మేవాడి దగ్గర కొన్నాను" అన్నాడు గొంతు తగ్గించి. "హార్బర్లో గుమాస్తా పనికని వెళ్తే ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు. ఊరికి వట్టి చేతులతో వెళ్లలేక దీన్ని పట్టుకొచ్చాను. ఇంగ్లీషులో ఉంది, అరికాళ్లున్నాయి, ఇంకేం కావాలండీ?"

ఇంత సులువుగా నిజం చెప్పేస్తాడని ఆమె అనుకోలేదు. పోట్లాటకి వచ్చినవాళ్లకి ఎదుటివాడు ఇలా చేస్తే చాలా ఇబ్బంది.

"లివరు ఎక్కడ నొక్కుతారు?"

"ఎడమకాల్లో, చిటికెనవేలి కింద."

"ఎడమకాల్లోనా?"

"బొమ్మలో ఎడంపక్కనే ఉంది కదండీ. పైన ఏదో రాసుండేది గానీ, ఆ అంచు చెదలు తినేసింది."

సువర్ణ పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. పొట్ట విప్పి చూపించిన మనిషి బొమ్మ. లివరు కుడిపక్కన, పీట వేసుకుని కూర్చున్నట్టు ఉంది.

అబ్బులు దాన్ని చూశాడు. గోడ మీద బొమ్మ చూశాడు. తన పొట్టకి కుడిపక్క తడుముకున్నాడు. ఎడంపక్క తడుముకున్నాడు.

"ఒక మనిషి మీ ఎదురుగా వెల్లకిలా పడుకుని కాళ్లు మీవైపు చాపితే, ఆయన కుడికాలు మీకు ఏ పక్కన కనిపిస్తుంది?"

అబ్బులు కళ్లు మూసుకుని మనిషిని పడుకోబెట్టాడు. కాళ్లు చాపించాడు. కళ్లు తెరిచేసరికి ముఖం తడిసిన అప్పడంలా అయిపోయింది.

"ఎడంపక్కన" అన్నాడు.

"మీరు లివరని నొక్కింది, ఈ బొమ్మ లెక్కనే గుండె. బొమ్మ అబద్ధమో నిజమో తర్వాత సంగతి. అబద్ధాన్ని కూడా తిరగేసి చదివారు."

"కానీ రైసుమిల్లు సోమేశ్వరరావుగారికి లివరు తగ్గిందండీ! ఎడమకాల్లోనే నొక్కాను. ఆయనే ఊరంతా చెప్పుకున్నారు."

"సారా మానమని చెప్పారా?"

"చెప్పాను."

"మానేశారా?"

"మానేశారు."

"మరి ఏది పనిచేసిందంటారు?"

జవాబుగా వాన మొదలైంది. పామర్రు వాన చెప్పి రాదు, వస్తే మాట వినిపించనివ్వదు. రేకుల మీద వెయ్యి డప్పులు మోగాయి. జల్లు లోపలికి కొడుతుంటే ఇద్దరూ గోడవైపు జరిగారు. జరగ్గా మధ్యలో మిగిలింది పుస్తకమంత జాగా. అబ్బులు గోడ మీదున్న బొమ్మ తడవకుండా పైపంచె తీసి దానికి కప్పబోయి, ఆగి, బల్ల మీదున్న ఆమె పుస్తకానికి కప్పాడు. బొమ్మ తడుస్తోంది. తడవనిచ్చాడు.

సువర్ణ అది చూసింది. చూడనట్టు వానకేసి తిరిగింది.

"అందరికీ చెప్పేస్తారా?" అన్నాడతను.

"చెప్పను. ఒక పని చెయ్యాలి. మా నాన్న కడుపులో అపెండిక్సు వాపు ఉందని నా అనుమానం. మీ మాటైతే వింటారు. నా నొక్కుడు పనిచెయ్యదు, ఆస్పత్రికి వెళ్లండని నిజం చెప్పెయ్యండి."

"అంతేనా?"

"అంతే అనుకుంటున్నారు, నిజం చెప్పి చాలాకాలమైనట్టుంది."

అబ్బులు నవ్వాడు. నవ్వితే చిన్నపిల్లాడిలా ఉన్నాడు. ఈ సంగతి సువర్ణకి నచ్చలేదు. తిట్టడానికి వచ్చినప్పుడు ఎదుటివాడి నవ్వు బాగుండకూడదు.

---

అబ్బులు మాట నిలబెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మాస్టారింటికి వెళ్లి, అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సువర్ణ తలుపు చాటున నిలబడింది.

"మాస్టారండీ, ఒక మాట. నాకు వైద్యం రాదు. ఆ బొమ్మ తిరగేసి చదివాను. మీ కడుపునొప్పి నా వల్ల తగ్గదు. బందరు వెళ్లండి."

మాస్టారు కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ప్రభా, విన్నావా? ఎంత వినయం! నిండుకుండ తొణకదంటే ఇదే. అరకొర వైద్యుడైతే 'నేనింతవాణ్ణి, అంతవాణ్ణి' అంటాడు. నాకేం రాదు అన్నాడంటే ఇతనికి ఎంత వచ్చుండాలి!"

"అది కాదండీ, నిజంగానే రాదు."

"చూశావా, మళ్లీ!"

అబ్బులు తలుపుకేసి చూశాడు. తలుపు చాటు నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది.

ఆ రోజు నుంచి మాస్టారు రోజుకొకసారి కాకుండా రెండుసార్లు వెళ్లడం మొదలుపెట్టాడు. అబ్బులు మనసొప్పక లివరుని కుడికాల్లోకి మారిస్తే సోమేశ్వరరావు మండిపడ్డాడు. "పాత కాలే బాగుందయ్యా. కొత్తకాలు నొక్కిన దగ్గర్నుంచీ ఆకలి చచ్చిపోయింది" అన్నాడు. కాలు మారిందని ఆయన మళ్లీ సారా మొదలుపెట్టిన సంగతి మాత్రం చెప్పలేదు.

సాయంత్రాలు సువర్ణ కాఫీపొడి కొనడానికి సెంటర్‌కి వెళ్లేది. ఆ ఇంట్లో ఎవరూ అంత కాఫీ తాగరు.

"ఇవాళ కూడా చెప్పాను. ఇవాళ మీ నాన్నగారు నన్ను ఋషి అన్నారు" అనేవాడు అబ్బులు దిగులుగా.

"గడ్డం పెంచండి, సరిపోతుంది."

"మీరు నన్ను ఏమంటారు?"

"ప్రొఫెసర్."

"అది తిట్టేనా?"

"ఆలోచించుకోండి. కాఫీపొడి చల్లారిపోతోంది."

చల్లారడానికి కాఫీపొడి వేడిగా ఉండదని ఆమెకి ఇంటికి చేరాక తట్టింది. తనని తాను ఛీ కొట్టుకుంది.

---

నొప్పి పోకుండా ఉండిపోయే రోజు రానే వచ్చింది. తెల్లవారేసరికి మాస్టారు మంచం మీద ముడుచుకుపోయి ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది. సువర్ణ నాడి చూసింది. పొట్ట కుడివైపు వేళ్లు ఆనించి తీసేసరికి ఆయన కేకపెట్టాడు. పొట్ట చెక్కలా బిగిసి ఉంది.

"నాన్నా, ఇది అపెండిక్సే. ఇంక ఆగకూడదు. పగిలితే ప్రాణం మీదకొస్తుంది."

"అబ్బులుని పిలు."

"నేను చెప్తున్నాను కదా!"

"నువ్వు రెండో ఏడు" అన్నాడాయన పళ్లబిగువున.

ప్రభావతమ్మ ఏడుస్తోంది. సువర్ణ చెప్పులు కూడా వేసుకోకుండా సెంటర్‌కి పరుగెత్తింది. వానకి రోడ్డంతా బురద. అబ్బులు అప్పుడే పందిరి ఊడుస్తున్నాడు. ఆమె ఏమీ చెప్పలేదు, నిలబడి చూసింది. అతను చీపురు అక్కడే పడేసి వెంట వచ్చాడు.

వాకిట్లో అప్పటికే జనం. మాస్టారు వణుకుతూ కాలు చాపాడు.

"మాస్టారండీ, నాకేం తెలీదు, ఆస్పత్రికి..." అని మొదలుపెట్టాడు అబ్బులు.

"అయ్యో, ఇప్పుడు కూడా వినయమేనా నాయనా!" అంటూ మాస్టారు మూలిగాడు.

అబ్బులు సువర్ణ కేసి చూశాడు. ఒక్క క్షణం. తర్వాత మంచం పట్టె మీద కూర్చుని, ఆయన కుడికాలు ఒళ్లోకి తీసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మడమ పైన, బయటి అంచున బొటనవేలు ఆనించి, అర్చన చేసే పూజారిలా గంభీరంగా ముఖం పెట్టాడు. జనం ఊపిరి బిగబట్టారు.

"పాదం మాట్లాడుతోంది" అన్నాడు.

"ఏమంటోంది?" అన్నాడు మాస్టారు.

"పెద్దపేగు మొదట్లో చిన్న తోక ఉంది. అది చీము పట్టింది. నా వేలికి లొంగను అంటోంది. కత్తి కావాలి అంటోంది."

"కత్తా? ఏ ఊరి కత్తి?"

"బందరుది. ఇప్పుడొచ్చే బస్సుకే బయల్దేరమంటోంది."

"నిజంగా పాదమే చెప్పిందా?"

"నాకేం తెలుసండీ చెప్పడానికి? అదే చెప్పింది."

మాస్టారు కళ్లు తుడుచుకున్నాడు. "అయితే వెళ్దాం. పాదం మాట తీసెయ్యకూడదు."

తెల్లవారిన దగ్గర్నుంచీ కూతురు చెప్పిన మాట అదే. కాకపోతే ఆమె నోటితో చెప్పింది.

కాఫీ హోటలు పెద్దిరాజు రోడ్డు మధ్యకి వెళ్లి చేతులు చాపి బస్సు ఆపాడు. మాస్టారిని మడతమంచంతో సహా సీట్ల మధ్య ఇరికించారు. బందరు దాకా అబ్బులు మాస్టారి పాదం వదల్లేదు. వదిలితే ఆయన దిగిపోతాడని భయం.

---

"ఇంకో పూట ఆలస్యమైతే పగిలిపోయేది. టైముకి తెచ్చారు" అంది డాక్టరమ్మ, ఆపరేషన్ అయ్యాక.

"పాదం ముందే చెప్పిందండీ" అన్నాడు మాస్టారు, మత్తు దిగుతుండగానే.

"ఎవరి పాదం?" అంది ఆవిడ. సువర్ణ గబగబా బెడ్‌పాన్ కోసమని బయటికి వెళ్లిపోయింది.

వరండాలో అబ్బులు చెమటకి తడిసిన చొక్కాతో బెంచీ మీద కూర్చున్నాడు. సువర్ణ ఆ బెంచీకి ఆ చివర కూర్చుంది.

"నిజం చెప్పండి. పాదంలో ఏమన్నా తెలిసిందా?"

"ఏమీ తెలీలేదండీ. మీ ముఖం చూశాను."

"ముఖంలో ఎక్కడుంటుందండీ అపెండిక్సు?"

"అపెండిక్సు కాదు. రోజూ నన్ను చూడగానే ఆ ముఖంలో ఒక వెక్కిరింత ఉంటుంది. ఇవాళ పొద్దున లేదు. అది లేకపోయేసరికి నాకు భయమేసింది. అది మళ్లీ రావాలంటే ఏ అబద్ధమైనా ఆడాలనిపించింది."

సువర్ణ పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ తడికి మీట ఎక్కడుందో ఆమె పుస్తకంలో లేదు.

"మంచి అబద్ధం ఆడారు" అంది. "ఇదే ఆఖరుది కావాలి."

ఆఖరుది కానివ్వడానికి ఊరు ఒప్పుకోలేదు. పాదం పట్టుకుని అపెండిక్సు కనిపెట్టాడన్న కబురు మాస్టారి కుట్లు విప్పేలోపే దివిసీమ దాటింది. పందిరి ముందు ఎడ్లబళ్లు నిలిచాయి. పామిడిముక్కల నుంచి ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న బిడ్డని ఎత్తుకొచ్చి, బిడ్డ పాదం అతని చేతిలో పెట్టింది. అబ్బులు బిడ్డనీ తల్లినీ తనే బస్సెక్కించి బందరు తీసుకొచ్చాడు. బిడ్డని వార్డులో చేర్పించి, నేరుగా సువర్ణ దగ్గరికి వచ్చాడు.

"బోర్డు పీకేశానండీ. ఆవిడ నన్ను నమ్మి వస్తూ దారిలో రెండు ఆస్పత్రులు దాటుకుంటూ వచ్చిందట" అన్నాడు. "ఇక్కడ కట్లు కట్టే డ్రెస్సర్ పనికి మనుషులు కావాలంటున్నారు. రోజంతా పుళ్లు కడగాలట. చేరతాను."

"ప్రొఫెసరుగారు పుళ్లు కడుగుతారా?"

"మీరు నేర్పితే." చొక్కా సర్దుకుని, "సువర్ణగారూ, నేనంటే మీకు..." అన్నాడు.

"అదిగో, పామర్రు బస్సొచ్చింది" అంది సువర్ణ. ఆస్పత్రి వరండాలోకి బస్సులు రావు.

---

అబ్బులు నాగాయలంక నుంచి పెద్దవాళ్లని పంపాడు. మాస్టారు వెంటనే ఒప్పుకున్నాడు. "పాదవైద్యం మానేశానంటున్నాడు. మానలేదు, దాచుకున్నాడు. మహానుభావులు అంతే" అన్నాడు. ప్రభావతమ్మ లెక్క వేరు. "అంతమంది వస్తే ఒక్క వయసు పిల్ల పాదం ముట్టలేదు. నాకది చాలు" అంది. సువర్ణని అడిగితే తలొంచుకుని కాఫీ కలపడానికి వెళ్లింది. ఆమె నోటివెంట ఒక్క మాటైనా వినాలని అబ్బులు బందరులో, పామర్రులో, బస్సులో, చర్చి మెట్ల మీద ప్రయత్నించాడు. ప్రతిసారీ ఏదో ఒక బస్సు వచ్చింది.

ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు పెళ్లి ప్రకటన చదివారు. నాగాయలంక వాస్తవ్యుడు అబ్బులుకీ, పామర్రు వాస్తవ్యురాలు సువర్ణకీ వివాహం నిశ్చయమైంది, దీనికి అభ్యంతరమున్నవారు ఇప్పుడే చెప్పాలి, అన్నారు. అలా అడగడం ఆనవాయితీ. చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆడవాళ్ల చాపల మీంచి ముసలి రాహేలమ్మ నడుం పట్టుకుని లేచింది.

"నాకుందయ్యగారూ అభ్యంతరం."

చర్చి అంతా వెనక్కి తిరిగింది. అయ్యగారు కళ్లజోడు సవరించుకుని కాగితంలోకి మళ్లీ చూశారు. ఆయన ఇన్నేళ్ల సేవలో ఈ మాట వినడం ఇదే మొదలు.

"నా నడుంనొప్పి సగంలో వదిలేశాడు. ముందు నా పాదం నొక్కి అది పూర్తిచేసి, అప్పుడు పెళ్లాడమనండి."

"మా ఆవిడది కూడా" అన్నారెవరో మగవాళ్ల వైపు నుంచి.

అబ్బులు లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అవ్వా, నా నొక్కుడికీ నీ నడుముకీ ఏ సంబంధమూ లేదు. నాకు వైద్యం రాదు."

"ఆహా, వినయం!" అన్నాడు దయానందం మాస్టారు ముందు బెంచీలోంచి.

"సంబంధం లేకపోతే ఇన్నాళ్లూ ఎందుకు నొక్కావురా?" అంది రాహేలమ్మ.

ఎవరూ నవ్వలేదు. అబ్బులు దగ్గర దీనికి ఇస్త్రీ చేసిన జవాబు లేదు. "అప్పుడు బతుకు గడవాలి అవ్వా. తెలిసీ తెలియక నొక్కాను. తప్పే" అన్నాడు. ఈసారి వినయమని మాస్టారు కూడా అనలేకపోయాడు.

"చాల్లే! నా నడుం సంగతి తేలేదాకా నేనొప్పుకోను" అని రాహేలమ్మ నిలబడే ఉంది. అయ్యగారు కాగితం మడవాలో చదవాలో తెలియక అటూ ఇటూ చూశారు. అబ్బులు తలొంచుకుని, ఊరంతటి ముందూ ఒంటరిగా నిలబడ్డాడు.

సువర్ణ లేచింది. చర్చిలో పాట తప్ప మాట మాట్లాడని పిల్ల. ముసుగు సర్దుకుంది. అమ్మ కుచ్చెళ్లు పట్టి లాగుతున్నా కూర్చోలేదు.

"అవ్వా, రేపు నాతో బందరు రా. నీ నడుం నేను చూపిస్తాను, మందు నేనిప్పిస్తాను. నీ నడుం నాకొదిలెయ్యి" అంది. ఆ మాట దాకా గొంతు బాగానే ఉంది. తర్వాత కొంచెం వణికింది. అయినా చివరి బెంచీ దాకా వినిపించింది.

"ఆ మనిషిని కూడా నాకే వదిలెయ్యి. నాకతను కావాలి."